కావాలని చేశాడా అన్నది రిఫరీ అడగాల్సిన ప్రశ్న కాదు

2023 ఏప్రిల్ 20, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ప్లేఆఫ్స్ మొదటి రౌండ్. ఫిలడెల్ఫియా, బ్రూక్లిన్ జట్ల మధ్య మూడో మ్యాచ్. మొదటి క్వార్టర్‌లోనే బ్రూక్లిన్ ఆటగాడు నిక్ క్లాక్స్‌టన్ ఎగిరి బంతిని రింగులోకి కుక్కి (డంక్), కింద పడి ఉన్న ఫిలడెల్ఫియా ఆటగాడు జోయెల్ ఎంబీడ్ మీదుగా అడుగేశాడు. ఎంబీడ్ పడుకున్నచోటి నుంచే కాలు పైకి విసిరాడు, అతని రెండు కాళ్ళ మధ్యకు. రిఫరీలు రీప్లే చూసుకుని ఫ్లాగ్రంట్ 1 అన్నారు, తీవ్రమైన ఫౌళ్ళలో కింది మెట్టు. అంటే అవతలివాళ్ళకు ఫ్రీ త్రోలు, పైన బంతి. ఎంబీడ్ మాత్రం ఆటలోనే ఉన్నాడు. మూడో క్వార్టర్‌లో ఎంబీడ్ సహచరుడు జేమ్స్ హార్డెన్ డ్రిబుల్ చేస్తూ, తనను అంటిపెట్టుకుని ఉన్న బ్రూక్లిన్ ఆటగాడు రాయిస్ ఓనీల్‌ను చేత్తో నెట్టాడు. ఆ చెయ్యి వెళ్ళి గజ్జల్లో తగిలింది. ఫ్లాగ్రంట్ 2, అంటే పై మెట్టు. హార్డెన్ బయటికి. నాలుగో క్వార్టర్‌లో క్లాక్స్‌టన్ మళ్ళీ ఎంబీడ్‌ను కవ్వించి రెండో టెక్నికల్ (ప్రవర్తనకు పడే ఫౌల్, రెండైతే బయటికే) తెచ్చుకున్నాడు. అతనూ బయటికి.

లెక్క చూడండి. నెట్టినవాడు పోయాడు, కవ్వించినవాడు పోయాడు. తన్నినవాడు చివరిదాకా ఆడాడు. అతని జట్టు 102-97తో గెలిచింది కూడా.

ఆ రాత్రి ఇంటర్నెట్‌లో జరిగిన వాదన అంతా ఒక్క మాట చుట్టూనే తిరిగింది: ఎంబీడ్ కావాలని తన్నాడా, లేదా? నాకు ఆ వాదన మొదటినుంచీ దారి తప్పినట్టే అనిపించింది. అతని మనసులో ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియదు, విజిల్ పట్టుకున్న ముగ్గురికీ తెలిసే అవకాశం లేదు. తెలిసిందల్లా ఒక్కటే. ఆ కాలు లేచినప్పుడు అక్కడ బంతి లేదు, ఆపాల్సిన షాట్ లేదు, రింగుకు తగిలి వచ్చే బంతి, అదే పట్టాల్సిన రీబౌండ్, లేదు. బాస్కెట్‌బాల్‌లో ఆ కదలికకు పేరే లేదు. హార్డెన్ చేసింది అలా కాదు. డ్రిబుల్ చేసేవాడు ఖాళీ చెయ్యితో డిఫెండర్‌ను నెట్టడం ప్రతి మ్యాచ్‌లోనూ కనబడుతుంది. అది ఫౌలే, నేను కాదనను. కానీ అతన్ని బయటికి పంపడానికి రిఫరీల పెద్ద, అంటే క్రూ చీఫ్, చెప్పిన కారణం, దెబ్బ నేరుగా గజ్జల్లో తగిలిందని. అంటే చెయ్యి ఏం చేసిందన్న దానికన్నా ఎక్కడ ఆగిందన్నదే తీర్పును నిర్ణయించింది.

నా వాదన ఇది. ప్రమాదకరమైన ఫౌల్‌ను తూచేటప్పుడు రిఫరీ ఆటగాడి మనసులోకి తొంగిచూడకూడదు, అవతలివాడి గాయాన్నీ కొలవకూడదు. ఆ పని చేసిన క్షణంలో అది అవతలివాడిని ఎంత ప్రమాదంలోకి నెట్టింది? చూడాల్సింది అంతవరకే.

ఇది నా సొంత కనిపెట్టుడేమీ కాదు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనల్లో అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్ (క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ఫౌల్) గురించి చెప్పేచోట ఒక చిన్న వాక్యం ఉంది: రిఫరీ మ్యాచ్ మొత్తం ఒకే కొలతతో చూడాలి, చర్యను మాత్రమే తూచాలి. చాలామంది చదివి దాటేసే వాక్యం. నా దృష్టిలో ఆ పుస్తకంలో అంతకన్నా బరువైన వాక్యం లేదు. ఒకప్పుడు ఇదే ఫౌల్‌కు ఇంటెన్షనల్ ఫౌల్ అని పేరుండేది. పేరు మారింది, ఉద్దేశాన్ని వదిలేశారు. వదిలేసి మంచి పనే చేశారు.

విజిల్ ఊదిన అనుభవం కాస్తయినా ఉన్నవాళ్ళకు ఈ సంభాషణ తెలిసే ఉంటుంది. నేనూ కొంతకాలం చిన్నస్థాయి మ్యాచ్‌లకు రిఫరీగా నిలబడ్డాను. అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ అని రెండు చేతులూ పైకెత్తి మణికట్టు పట్టుకోగానే కుర్రాడు పరిగెత్తుకొస్తాడు. "సార్, నేను కావాలని చెయ్యలేదు సార్!" కావాలని చేశావని నేను అన్నానా బాబూ? పైకి ఎగిరినవాడి నడుముకు వెనకనుంచి తగిలావు, అంతే నేనన్నది. నువ్వు మంచివాడివే అయుండొచ్చు. మంచివాళ్ళు తోసినా నేల గట్టిగానే తగులుతుంది. ఈ మాట అర్థమైన కుర్రాళ్ళు మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. కోచ్‌లకే అర్థమయ్యేది కాదు.

ఎన్‌బీఏలో మాటలు వేరు. అనవసరమైన కాంటాక్ట్ అయితే ఫ్లాగ్రంట్ 1, అనవసరమూ మితిమీరిందీ అయితే ఫ్లాగ్రంట్ 2. రెండోది పడితే ఆటగాడు బయటికే. ఫౌల్‌ను ఈ స్థాయికి పెంచాలా వద్దా అని తేల్చడానికి లీగ్ కొన్ని అంశాలు రాసిపెట్టుకుంది. కాంటాక్ట్ ఎంత తీవ్రం, నిజంగా ఆట ఆడే ప్రయత్నమేనా, చెయ్యి వెనక్కి లాగి కొట్టాడా, కొట్టాక ఆపకుండా ముందుకు తోశాడా, గాయమయ్యే అవకాశం ఎంత. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ ఉండదు. నిజానికి ఆ చివరిది నేను చెబుతున్న మాటే. తలకు తగిలే దెబ్బ, గాల్లో ఉండి తనను తాను కాపాడుకోలేని మనిషికి తగిలే దెబ్బ అంటూ ఉదాహరణలు కూడా ఇచ్చారు. ఆ తర్వాత మరో రెండు చేర్చారు: నిజంగా ఎంత గాయమైంది, ఆ ఫౌల్ వల్ల కొట్లాటలాంటిది మొదలైందా. ఈ రెండూ తీసేయాలి.

ఎందుకో చూడండి. 2022 మే 3న మెంఫిస్ ఆటగాడు డిలన్ బ్రూక్స్, గోల్డెన్ స్టేట్ ఆటగాడు గ్యారీ పేటన్ II ఒంటరిగా బాస్కెట్ వైపు దూసుకెళ్తుంటే వెనకనుంచి వచ్చి, అతను గాల్లో ఉండగా తల మీద కొట్టాడు. పేటన్ మోచెయ్యి విరిగింది. ఫ్లాగ్రంట్ 2, ఆపైన ఒక మ్యాచ్ సస్పెన్షన్. గోల్డెన్ స్టేట్ కోచ్ స్టీవ్ కెర్ అయితే ఆటగాళ్ళ మధ్య ఉండే నియమాన్నే బ్రూక్స్ ఉల్లంఘించాడన్నాడు. తీర్పు సరైనదే. కానీ పేటన్ అదృష్టం బాగుండి భుజం మీద పడి, దులుపుకుని లేచి ఆడి ఉంటే? అప్పుడూ అదే తీర్పు రావాలి. గాల్లో ఉన్న మనిషి, వెనకనుంచి రాక, తలకు దెబ్బ, బంతి దరిదాపుల్లో కూడా లేని చెయ్యి. అవన్నీ మోచెయ్యి నేలకు తగలకముందే పూర్తయిపోయాయి. ఎముక విరగడం తర్వాతి కథ. దాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఇలాగే కొట్టి అవతలివాడు క్షేమంగా లేచిన ప్రతిసారీ కొట్టినవాడికి రాయితీ ఇచ్చినట్టే.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. 2013 ప్లేఆఫ్స్‌లో ఓక్లహోమా ఆటగాడు రసెల్ వెస్ట్‌బ్రూక్ టైమౌట్ అడగబోతూ వేగం తగ్గించిన క్షణంలో హ్యూస్టన్ ఆటగాడు పాట్రిక్ బెవర్లీ బంతి కోసం దూకాడు. వెళ్ళి వెస్ట్‌బ్రూక్ మోకాలికి తగిలాడు, అతని మోకాలిలోని మెనిస్కస్ అనే మెత్తటి పొర చిరిగింది, ఆ ప్లేఆఫ్స్ అతనికి ఆ మ్యాచ్‌తో ముగిశాయి. ఓక్లహోమా అభిమానులు బెవర్లీని ఏళ్ళ తరబడి క్షమించలేదు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. అయినా బెవర్లీ చేసిందేమిటి? నేలమీద ఉండి, బంతి కోసం చెయ్యి చాపాడు. గాయం పెద్దది, పని చిన్నది. ఈ రెంటినీ విడదీయలేని రిఫరీ స్ట్రెచర్ వస్తే పెద్ద తీర్పు, రాకపోతే చిన్న తీర్పు ఇచ్చే మనిషిగా మిగిలిపోతాడు.

ఇక కొట్లాట మొదలైందా అన్న అంశం. 2004 నవంబర్ 19న డెట్రాయిట్ దగ్గర ఆబర్న్ హిల్స్‌లో ఆట ఇంకా 45.9 సెకన్లు ఉందనగా, ఇండియానా ఆటగాడు రాన్ ఆర్టెస్ట్, డెట్రాయిట్ ఆటగాడు బెన్ వాలెస్‌ను ఫౌల్ చేశాడు. ఆ స్కోరుకు ఆ ఫౌల్ అవసరం లేదు, గట్టిగానే చేశాడు. కానీ అలాంటివి బోలెడు. వాలెస్ తిరిగి రెండు చేతులతో తోశాడు, తోపులాట అయింది, ఆర్టెస్ట్ వెళ్ళి స్కోరర్ టేబుల్ మీద పడుకున్నాడు, స్టాండ్స్‌లోంచి ఎవరో గ్లాసు విసిరారు, ఆర్టెస్ట్ జనంలోకి దూకాడు. ఎన్‌బీఏ చరిత్రలో బాగా అపఖ్యాతి తెచ్చిన కొట్లాట అది. తొమ్మిది మంది ఆటగాళ్ళకు కలిపి 146 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది, ఆర్టెస్ట్ ఒక్కడికే ఆ సీజన్‌లో మిగిలినదంతా పోయింది. ఫలితాన్ని బట్టి ఫౌల్‌ను తూచేట్టయితే, ఆ మామూలు ఫౌల్ చరిత్రలోకెల్లా ఘోరమైన ఫౌల్ అయిపోవాలి. శిక్ష పడాల్సింది తోపుకు, జనంలోకి దూకడానికి. అవి విడివిడి పనులు, దేని తీర్పు దానిదే.

గాల్లో ఉన్నవాడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వాదన అంతా నిలిచేది అక్కడే. బాస్కెట్‌బాల్‌లో ప్రమాదం ఎక్కువగా పైకి ఎగిరేటప్పుడు ఉండదు, కిందికి దిగేటప్పుడు ఉంటుంది. ఎగిరినవాడికి దిక్కు మార్చుకునే వీలు లేదు. షాట్ వేసేవాడి చూపు రింగు మీద ఉంటుంది, కింద ఏముందో చూసుకోడు. అందుకే ఫిబా నిబంధనలు సూటిగా ఉంటాయి: ఎగిరినవాడికి తాను ఎగిరిన చోటే మళ్ళీ దిగే హక్కు ఉంది. గాల్లో ఉన్నవాడి కిందికి జరిగితే, కాంటాక్ట్ అయితే, అది మామూలుగా అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్, కొన్ని సందర్భాల్లో డిస్‌క్వాలిఫైయింగ్, అంటే నేరుగా బయటికే. కావాలనా, పొరపాటునా అన్న ప్రస్తావనే లేదు.

ఎన్‌బీఏ ఆ మెట్టు ఎక్కడానికి 2017 మే 14 దాకా ఆగింది. ఎన్‌బీఏ పశ్చిమ విభాగం ఫైనల్స్, శాన్ ఆంటోనియో, గోల్డెన్ స్టేట్ జట్ల మధ్య మొదటి మ్యాచ్. శాన్ ఆంటోనియో 20కి పైగా పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఆ జట్టు ఆటగాడు కవాయ్ లెనార్డ్ జంప్ షాట్ వేశాడు, గోల్డెన్ స్టేట్ ఆటగాడు జాజా పచూలియా అడ్డుకోవడానికి వస్తూ వస్తూ ఒక అడుగు ఎక్కువ వేశాడు. లెనార్డ్ దిగింది అతని పాదం మీద. చీలమండ మెలిపడింది, ఆ సిరీస్‌లో లెనార్డ్ మళ్ళీ ఆడలేదు. గోల్డెన్ స్టేట్ ఆ మ్యాచ్‌ను 113-111తో గెలిచింది. పచూలియాకు పడింది మామూలు ఫౌల్. తాను కావాలని చెయ్యలేదని పచూలియా అన్నాడు. దానికి శాన్ ఆంటోనియో కోచ్ గ్రెగ్ పొపోవిచ్ ఇచ్చిన సమాధానం నాకు ఎంతో నచ్చింది: అతని ఉద్దేశంతో ఎవరికి పని? కారు నడుపుతూ మెసేజ్ పంపి ఒకర్ని చంపినవాడికి చంపాలన్న ఉద్దేశం ఉండదు, అయినా జైలు తప్పదు కదా అన్నాడు. తర్వాతి సీజన్‌నుంచి ఎన్‌బీఏ రిఫరీలకు ఆ అధికారం వచ్చింది. దిగే చోటును ఆక్రమించే నిర్లక్ష్యపు అడుగును రీప్లేలో చూసి ఫ్లాగ్రంట్‌కు పెంచవచ్చు. ఇప్పుడు డిఫెండర్లు చేతులెత్తి పరిగెత్తుకొచ్చి షూటర్ ముందు బ్రేకు వేసినట్టు ఆగిపోవడం మీరు చూసే ఉంటారు. ఉద్దేశాల గురించి ఎన్ని ప్రసంగాలు చేసినా రాని మార్పు అది.

అదే పొపోవిచ్ అదే సమావేశంలో ఇంకో మాట కూడా అన్నాడు, పచూలియాకు ఇలాంటి చరిత్ర ఉందని. ఇక్కడ మాత్రం నేను ఆయనతో లేను. చరిత్ర ఉండవచ్చు. దాన్ని రిఫరీ తలలో పెట్టుకోకూడదు. ఫలానావాడు మొరటోడు అని అనుకుని కోర్టులోకి దిగిన రిఫరీకి ఆ ఫలానావాడి ప్రతి మోచెయ్యీ రెండింతలు పదునుగా కనిపిస్తుంది. చరిత్రను చూడటానికి ఎన్‌బీఏలో వేరే పద్దు ఉంది, అది నాకు బాగా నచ్చిన ఏర్పాటు. ఫ్లాగ్రంట్ 1కి ఒక పాయింటు, ఫ్లాగ్రంట్ 2కి రెండు. ప్లేఆఫ్స్‌లో మూడు దాటితే ఒక మ్యాచ్‌కు దూరం. 2016లో గోల్డెన్ స్టేట్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ ఈ పద్దులోనే చిక్కుకున్నాడు. అప్పటికే మూడు పాయింట్లున్నాయి, వాటిలో రెండు ఓక్లహోమా ఆటగాడు స్టీవెన్ ఆడమ్స్‌ను గజ్జల్లో తన్నినందుకు. ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌తో జరిగిన పెనుగులాటలో విసిరిన చెయ్యిని లీగ్ తర్వాత పరిశీలించి ఫ్లాగ్రంట్ 1గా రాసింది. నాలుగో పాయింటు. అయిదో మ్యాచ్‌కు అతను లేడు. 3-1తో వెనకబడిన క్లీవ్‌లాండ్ అక్కడినుంచి తిరగబడి కప్పు గెలిచింది. గోల్డెన్ స్టేట్ అభిమానులు చిన్న దెబ్బకు అంత శిక్షా అంటారు. కాదు, చిన్న దెబ్బకు చిన్న తీర్పే పడింది. మిగతాది పాత బాకీ.

కొందరు అడుగుతారు, మరి నిజంగానే దెబ్బ తియ్యాలని చేసినవాడికి ఎక్కువ శిక్ష వద్దా అని. కావాలి. కానీ దానికి సమయం కావాలి, అన్ని కోణాల వీడియో కావాలి, ఆటగాడి మాట కూడా వినాలి. అది మర్నాడు లీగ్ ఆఫీసులో జరగాల్సిన పని. రిఫరీకి దొరికేది మానిటర్ ముందు కొద్ది నిమిషాలు, చుట్టూ వేలమంది కేకలు.

ఆ మానిటర్‌లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2016లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో కరూసో, బర్న్స్, కన్వర్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే దృశ్యాన్ని మామూలు వేగంతో చూసినవాళ్ళకన్నా స్లో మోషన్‌లో చూసినవాళ్ళు, ఆ పని కావాలనే చేశాడని ఎక్కువగా నమ్మారు. వాళ్ళు చూపించిన వీడియోల్లో ఒక కాల్పుల ఘటన ఉంది, అమెరికన్ ఫుట్‌బాల్ టాకిల్ కూడా ఉంది. కారణం తేలికగానే అర్థమవుతుంది. దృశ్యం సాగేకొద్దీ, చేసినవాడికి ఆలోచించుకునే సమయం అంత ఉందని మనకు అనిపిస్తుంది. అరసెకనులో జరిగిపోయిన దాన్ని అయిదు సెకన్లు చూస్తే, ఆ అయిదు సెకన్లూ అతను పథకం వేస్తున్నట్టే ఉంటుంది. తెర మీద అసలు సమయం చూపించినా ఆ భ్రమ పూర్తిగా పోలేదు. ఉద్దేశాన్ని వెతికే రిఫరీకి స్లో మోషన్ విషం. చర్యను వెతికే రిఫరీకి అదే పనికొస్తుంది: చెయ్యి ఎక్కడ తగిలింది, పాదం ముందే అక్కడుందా, తర్వాత జరిగిందా. నన్నడిగితే తీవ్రత తేల్చడానికి మామూలు వేగం, తగిలిన చోటు తేల్చడానికి మాత్రమే స్లో మోషన్ అని నిబంధనల్లోనే రాయాలి.

ఇంతా మాట్లాడి అసలైన సమస్య చెప్పకపోతే ఎలా. చర్యను తూచాలంటే ముందు అది కంటబడాలి. ప్రమాదకరమైన పనులు తరచుగా బంతికి దూరంగా జరుగుతాయి. 1977 డిసెంబర్ 9న లాస్ ఏంజెలెస్ ఆటగాడు కెర్మిట్ వాషింగ్టన్ ఒకరితో పెనుగులాడుతుండగా, హ్యూస్టన్ ఆటగాడు రూడీ టోమ్యానొవిచ్ అటువైపు పరిగెత్తాడు. వాషింగ్టన్ వెనక్కి తిరుగుతూ పిడికిలి విసిరాడు. టోమ్యానొవిచ్ ముఖం ఎముకలు విరిగాయి, పుర్రె చిట్లి వెన్నుద్రవం కారింది. వాషింగ్టన్‌కు 60 రోజుల సస్పెన్షన్, 10,000 డాలర్ల జరిమానా. అప్పట్లో ఎన్‌బీఏ మ్యాచ్‌కు రిఫరీలు ఇద్దరే. తర్వాతి సీజన్‌కు మూడో రిఫరీని తెచ్చారు, ఒక్క ఏడాదికే మానేశారు, మళ్ళీ 1988-89లో గానీ తేలేదు. మూడో జత కళ్ళ ఖర్చు అప్పుడు బరువనిపించింది కాబోలు. షాట్ వదిలాక బంతి వెంట చూడకు, దిగేవాడి పాదాలు చూడు, రీబౌండ్ కోసం తోసుకునేవాళ్ళ మోచేతులు చూడు అని కొత్త రిఫరీలకు నేర్పుతారు. చెప్పడం తేలిక. ప్రేక్షకుడిగా పుట్టిన మనిషి మెడ దానంతటదే బంతి వైపు తిరుగుతుంది.

ఫిబాను పొగిడాను కాబట్టి దాని లోపం కూడా చెప్పాలి. అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ అనే ఒకే సంచిలో తలకు తగిలిన మోచేతినీ, ఫాస్ట్ బ్రేక్ (మెరుపు ఎదురుదాడి) ఆపడానికి సగం కోర్టులో జెర్సీ పట్టుకుని లాగడాన్నీ కలిపి వేశారు. రెండింటికీ రెండు ఫ్రీ త్రోలు, బంతి. అలాంటివి రెండైతే ఆటగాడు బయటికి. జెర్సీ లాగడం ఆటను చెడగొడుతుంది, ఎవరినీ ఆసుపత్రికి పంపదు. రెండుసార్లు జెర్సీ లాగినవాడూ, రెండుసార్లు మోచేతితో కొట్టినవాడూ స్కోర్ షీట్ మీద ఒక్కలాగే కనబడతారు. ఇక్కడ ఎన్‌బీఏ తెలివిగా పోయింది: 2022-23 సీజన్ నుంచి ఆ రకం ఫౌల్‌ను ఫ్లాగ్రంట్లతో కలపకుండా, ఒక ఫ్రీ త్రో, బంతి అని విడిగా పెట్టింది. జట్టు నష్టపోతుంది, మనిషి మీద మచ్చ పడదు.

నోటి దురుసు, వెక్కిరింపు, ఏడుపుగొట్టు నటన ఇవన్నీ టెక్నికల్స్ సంగతి, వాటి మీద నాకు పెద్ద ఆవేశం లేదు. పోర్ట్‌లాండ్ ఆటగాడు రషీద్ వాలెస్ 2000-01లో ఒక్క సీజన్‌లోనే 41 టెక్నికల్స్ తిన్నాడు, ఆట బతికే ఉంది. కానీ రిఫరీ ఆటగాడి మనసు చదవబోతే ఏమవుతుందో చూడాలంటే 2007 ఏప్రిల్ 15 గుర్తు చేసుకోవాలి. డల్లాస్‌లో మ్యాచ్, శాన్ ఆంటోనియో ఆటగాడు టిమ్ డంకన్ బెంచి మీద కూర్చుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు తనను చూసేనని రిఫరీ జోయీ క్రాఫర్డ్‌కు అనిపించింది. రెండో టెక్నికల్ ఇచ్చి బయటికి పంపాడు. లీగ్ డంకన్‌కు 25,000 డాలర్ల జరిమానా వేసింది, క్రాఫర్డ్‌ను మాత్రం ఆ సీజన్ మొత్తానికీ పక్కన పెట్టింది. నవ్వుకు అర్థం వెతకడం మొదలుపెడితే రిఫరీకి తెల్లారిపోతుంది.

చర్యే ముఖ్యం అన్నాక, అది మనకు నచ్చని తీర్పు దాకా తీసుకెళ్ళినా అక్కడే నిలబడాలి. 2007 మే 14న శాన్ ఆంటోనియో ఆటగాడు రాబర్ట్ హోరీ, పరిగెత్తుకొస్తున్న ఫీనిక్స్ ఆటగాడు స్టీవ్ నాష్‌ను తుంటితో ఢీకొట్టి స్కోరర్ టేబుల్‌కు వేసి కొట్టాడు. ఫీనిక్స్ బెంచి మీదున్న అమరే స్టౌడమైర్, బోరిస్ డియా లేచి కోర్టు వైపు అడుగులేశారు. ఎవరినీ ముట్టుకోలేదు. కోచ్‌లు వెనక్కి లాగారు. గొడవ జరుగుతుండగా బెంచి వదిలితే ఒక మ్యాచ్ సస్పెన్షన్ అన్నది నిబంధన, ఇద్దరికీ పడింది. హోరీకి రెండు. అయిదో మ్యాచ్ ఫీనిక్స్ ఓడింది, సిరీసూ ఓడింది. స్నేహితుడు నేలమీద పడితే లేవనివాడు మనిషేనా అని అప్పుడు చాలామంది అడిగారు. నిజమే, నేనైనా లేచేవాణ్ణేమో. కానీ రెండు బెంచీలూ కోర్టులోకి వస్తే ఏమవుతుందో ముందే చూసి రాసిన నిబంధన అది. వచ్చినవాళ్ళ మనసు మంచిదా కాదా అని అక్కడ నిలబడి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. హోరీకి రెండు చాలవు, ఇంకా వెయ్యాల్సింది అంటే ఒప్పుకుంటాను. ఆ ఇద్దరి సస్పెన్షన్ మాత్రం సరైనదే. ఫీనిక్స్ అభిమాని ఎవరైనా ఎదురుపడితే ఈ మాట కాస్త దూరంగా నిలబడి చెబుతాను.